నీళ్ల డ్రమ్ములో కూర్చున్న దర్జీ

"జిప్పు బాగానే నడుస్తోందయ్యా" అని ఫోను ఎత్తగానే నేనే ముందు అన్నాను. ఏటా చలికాలం మొదట్లో ఆ నంబరు నుంచి ఫోను వచ్చేది. మొదటి ప్రశ్న ఎప్పుడూ అదే కాబట్టి అడక్కముందే జవాబు చెప్పడం నాకు అలవాటైపోయింది. అవతల నేనెరగని గొంతు ఒకటి, "మేడం, నేను ఆయన కొడుకును. బాపు పోయిండు" అంది.

దినకర్మలు కూడా అయిపోయాయట. బంధువులందరికీ చెప్పుకున్నాక, ఫోనులో మిగిలిన నంబర్లు ఒక్కొక్కటిగా చూస్తూ నా దగ్గరికి వచ్చాడట. నేను ఎవరో ఆ అబ్బాయికి సరిగ్గా తెలియదు. "ఒమన్ మేడం" అని మాత్రం తండ్రి చెప్పేవాడట. పోయిన మనిషికి జిప్పు సంగతి చెప్పానన్న సిగ్గుతో ఏం మాట్లాడానో నాకు గుర్తులేదు. ఆ అబ్బాయి ఒక ప్రశ్న అడిగాడు. దానికి తర్వాత ఫోను చేసి జవాబు చెబుతానన్నాను. ఆ ప్రశ్న ఏమిటో చెప్పేముందు ఆయన గురించి చెప్పాలి.

ఆయన నాకు బంధువు కాడు, మా ఊరివాడూ కాడు. నాది గుంటూరు. ఆయనది జగిత్యాల దాటి లోపల, వానాకాలం తప్ప చెరువులో నీళ్లు నిలవని పల్లె. ఎనభైల చివర్లో మేమిద్దరం వేర్వేరు దారుల్లో ఒమన్‌లో షినాస్ అనే సముద్రపు ఒడ్డు ఊరు చేరాం. మావారు అక్కడ ఒక ఐసు ఫ్యాక్టరీకి మేనేజరు. పడవలవాళ్లు సముద్రం మీదికి వెళ్లేముందు మా దగ్గర ఐసు తీసుకునేవారు. ఎవరికి ఎంత వెళ్లిందో రాసే పని నాది. రాయాలంటే అడగాలి, అడగాలంటే వాళ్ల భాష రావాలి. అలా నాకు అరబ్బీ పట్టుబడింది.

ఆయన కట్టడాల పనికని వచ్చాడు. సైట్‌లో తోటివాళ్ల బట్టలు కుట్టిపెడుతుంటే అర్బాబ్ చూసి, బజారులో తనకున్న చిన్న గదిలో మిషను వేయించి కూర్చోబెట్టాడు. అర్బాబ్ అంటే అక్కడ యజమాని. ఒక పక్క వలలమ్మే మలయాళీ దుకాణం, ఇంకో పక్క రొట్టెల బట్టీ, మధ్యలో ఈయన. బోర్డు మీద ప్యాంటూ చొక్కా బొమ్మలుండేవి కానీ వచ్చే పనిలో ఎక్కువ భాగం జిప్పులే. ఆ ఉప్పుగాలికి ఏ జిప్పూ ఎక్కువకాలం నిలవదు. ఇత్తడి పళ్ళు పచ్చగా చిలుముపట్టి బిగుసుకుపోతాయి. ప్లాస్టిక్ పళ్ళు ఎండకు పెళుసెక్కి ఊడిపోతాయి. సముద్రం మీదికి వెళ్లేవాళ్ల చలికోట్లు, సైట్‌కు వెళ్లేవాళ్ల ఒళ్లంతా కప్పే కవరాల్స్, ఎడారిలో గుడారాలు వేసుకునేవాళ్ల సంచులు, అన్నీ అక్కడికే వచ్చేవి.

మొదటిసారి మావారి విండ్‌చీటర్ తీసుకెళ్లి కొత్త జిప్పు వేయమన్నాను. వెలుతురుకు పట్టి చూశాడు.

"పండ్లు మంచిగనే ఉన్నయి మేడం. రన్నరే అరిగింది. మంచి పండ్లు ఊడగొట్టుడెందుకు?"

రన్నర్ అంటే పైకీ కిందికీ లాగే ముక్క. దాని రెండు అంచులనూ పట్టకారుతో కాస్త నొక్కి, పళ్ళ మీద కొవ్వొత్తి ముక్క రుద్ది ఇచ్చాడు. నేను ఏ వస్తువునూ చూడకుండా తీసుకోను. అక్కడే నిలబడి జిప్పును పైకీ కిందికీ చాలాసార్లు లాగాను. నా వెనక ఒక కుర్ర కూలీ నిలబడి ఉంటే ఆయన తల ఎత్తకుండానే అతనితో, "జర ఆగు తమ్మీ, మేడం ఇంక ఇమిగ్రేషన్ ముద్ర ఎయ్యలే" అన్నాడు. దుకాణంలో నవ్వలేదు. వీధి మలుపు తిరిగాక నవ్వుకున్నాను.

ఆయన దగ్గర ఏ వస్తువూ పారవేయడం ఉండేది కాదు. చిరిగిన సంచి జిప్పు రన్నర్ ఇంకొకరి కోటుకు వెళ్లేది. పాత టూత్‌బ్రష్షుతో ఇత్తడి పళ్ళు తోముతూ ఎదుటివాళ్లను మందలించేవాడు: "నువ్వు తానం జేస్తవు గద, దీనికి చేయించవా? ఉప్పునీళ్లల్ల తడిస్తే మంచినీళ్లు పొయ్యాలె." శుక్రవారాలు మన తెలంగాణ కూలీలు ఊరికి వెళ్లే సూట్‌కేసులు పట్టుకొచ్చేవారు. జిప్పు పగిలేలా కుక్కిన పెట్టెలు చూసి, "పెండ్లామొక్కతే గదరా, ఊరందరికీ తీస్కపోతున్నవా" అనేవాడు. తన పెట్టె సంగతి ఎవరైనా అడిగితే మాట మార్చేవాడు. కుట్టుపని మీద బతుకుతున్నందుకు ఆయనకు గర్వం ఉండేది. తన చేతి కుట్టు ఇంకొకరి వంటిమీద నిలుస్తుందన్న గర్వం. అప్పట్లో ఉండేది అనాలి.

తొంభైల మొదట్లో ఒక చలికాలం. బజారుకు దగ్గర్లోనే ఉండే ఒక ముసలి పడవవాడు తన చలికోటు తెచ్చాడు. నేను ఆ సమయానికి దుకాణంలోనే ఉన్నాను. కోటు దూది నింపినది, బరువైనది. జిప్పు పళ్ళు బాగున్నాయి, రన్నరూ బాగుంది, కానీ అడుగున ఒక వైపు పుల్ల దూరే చిన్న డబ్బీ పగిలిపోయింది. అది పోతే కోటు ముందుభాగం కలవదు. అంత పొడుగు కొత్త జిప్పు ఆ రోజు దర్జీ దగ్గర లేదు, సోహార్ పట్నం నుంచి తెప్పించాలి. ముసలాయన సాయంత్రమే సముద్రం మీదికి వెళ్లాలి, గాలి చల్లగా ఉంది.

దర్జీ ఒక ఉపాయం చేశాడు. జిప్పు అడుగుభాగాన్ని జానెడు పొడుగున రెండు వైపులా కలిపి గట్టిగా కుట్టేశాడు. ఇక ఆ కోటును చొక్కాలా తలమీదుగా తొడుక్కోవాలి. ఇది ఆయన కొత్తగా కనిపెట్టింది కాదు. వాళ్ల సంతలో అమ్మే పాత కోట్లకు అలాగే కుట్టేవారట. గుంటూరులో మా అమ్మ కూడా మా తమ్ముడి స్వెట్టరుకు అదే చేసింది. మా ఇద్దరికీ చలి తెలుసు, సముద్రం తెలియదు. కోటంటే మా ఇద్దరి మనసులో తొడుక్కునే వస్తువు. అది విప్పుకోవలసిన వస్తువు కూడా అన్న ఆలోచన ఆయనకూ రాలేదు, నాకూ రాలేదు.

నేను అలవాటు ప్రకారం ఆ కుట్టును రెండు చేతులతో లాగి చూశాను. గట్టిగా ఉందని ముసలాయనకు అరబ్బీలో చెప్పాను కూడా. ఆయన చేతులు పైకెత్తి కోటులో దూరి, మెడ దగ్గరి కంతలోంచి తల బయటపెట్టి, తాబేలునయ్యానని నవ్వాడు. మేమూ నవ్వాం. రేపు తీసుకురమ్మనీ కొత్త జిప్పు వేస్తాననీ దర్జీ తనకొచ్చిన నాలుగు ముక్కల అరబ్బీలో చెప్పి పంపాడు.

ఆ సాయంత్రం గాలి పెరిగింది, పడవ తిరగబడింది. అందులోనే ఉన్న ముసలాయన తమ్ముడు పడవ అంచు పట్టుకుని బతికాడు. ముసలాయన మర్నాడు ఉత్తరంగా ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. నీళ్లు పీల్చి బరువెక్కిన కోటు ఒంటిమీదే ఉంది.

పొద్దున ఐసుకు వచ్చినవాళ్లంతా గాలి గురించి మాట్లాడారు, వయసు గురించి మాట్లాడారు. కోటు గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. అన్నది పక్క దుకాణం మలయాళీ ఒక్కడే, అతను కూడా మెచ్చుకుంటూ అన్నాడు. కోటు తీయడానికి కత్తితో గుడ్డ కోయవలసి వచ్చిందనీ, దర్జీ వేసిన కుట్టు మాత్రం ఒక్క పోగు కూడా విడలేదనీ దర్జీకే చెప్పాడట.

మధ్యాహ్నం దర్జీ మా ఫ్యాక్టరీకి వచ్చి ఎండలోనే నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"నేను వాళ్లింటికి పోవాలె మేడం. నాకొచ్చిన అరబ్బీ చిన్నది, పెద్దది, రేపు రా అనెతందుకు పనికొస్తది. మీరు ఎంట రావాలె."

మావారు భయపడ్డారు. పరాయి దేశం, అర్బాబ్ చేతిలో పాస్‌పోర్టు, మాట పోలీసుల దాకా పోతే ఈ మనిషి ఏమవుతాడు? పరామర్శించి వచ్చేయమనీ, కుట్టు సంగతి ఎత్తవద్దనీ గట్టిగా చెప్పారు.

"అది చెప్పెతందుకే పోతున్న సార్" అన్నాడు దర్జీ. నా వైపు తిరిగి, "నేను చెప్పేటిదంతా వాళ్లకు చెప్పుండ్రి. వాళ్లు అనేటిదంతా నాకు చెప్పుండ్రి. ఏదీ ఇడ్సిపెట్టకుండ్రి" అన్నాడు.

మూడు రోజుల పరామర్శలు అయ్యేదాకా ఆగి వెళ్లాం. ఖర్జూరపు మట్టలతో వేసిన పందిరి కింద తమ్ముడు మమ్మల్ని కూర్చోబెట్టి కాఫీ పోశాడు. దర్జీ తల దించుకుని చెప్పాడు: అడుగున కుట్టింది నేను, కుట్టకపోయి ఉంటే ఆయన కోటు విప్పుకుని ఉండేవాడు. ఒక్కో వాక్యానికీ ఆగాడు. ఒక్కో వాక్యాన్నీ నేను అరబ్బీలోకి మార్చాను. ఆ కుట్టును లాగి చూసి గట్టిగా ఉందన్నది నేనేనని నా వంతు కూడా చేర్చాను. అది తమ్ముడి చెవికి ఎక్కినట్టు లేదు. ఆయన దర్జీనే చూస్తున్నాడు.

కోపం లేకుండానే మాట్లాడాడు. "రెండేళ్ల కిందట కూడా ఇలాగే పడవ తిరగబడింది. అప్పుడు అన్న కోటు విప్పి వదిలేసి ఈదుకొచ్చాడు. ఆ కోటు పోయింది గనకనే ఇది కొన్నాడు." కప్పు నింపుతూ అన్నాడు: "ఆయుష్షు దేవుడు రాసింది, నువ్వు కుట్టింది కాదు. కాఫీ తాగు."

"ఏమన్నడు మేడం?"

చివరి మాట ఒక్కటి చెప్పి ఊరుకోవచ్చు. అది అబద్ధం కాదు, ఆ మనిషి నిజంగానే అన్నాడు. ఆ మాటతో దర్జీ లేచి ఇంటికి వెళ్లగలిగేవాడు. కానీ నేను చిన్నప్పటి నుంచీ సగం లెక్కను తప్పు లెక్క కిందే జమకట్టే మనిషిని. పైగా ఏదీ విడిచిపెట్టవద్దని ఆయనే అడిగాడు. మొదటి నుంచి మొత్తం చెప్పాను, రెండేళ్ల కిందటి పడవతో మొదలుపెట్టి.

దర్జీ కాఫీ తాగాడు. అక్కడ ఇక చాలు అనడానికి ఖాళీ కప్పును అటూ ఇటూ ఊపి ఇవ్వాలి. అన్నేళ్లు ఉన్నవాడికి ఆ సంగతి బాగా తెలుసు. ఆ రోజు ఊపలేదు. తమ్ముడు పోస్తూనే ఉన్నాడు, ఈయన తాగుతూనే ఉన్నాడు. చివరికి నేను చెయ్యి చాచి ఆ కప్పు తీసుకున్నాను.

ఇంటికొచ్చాక మావారు అంతా విని, "చివరి మాట చెబితే సరిపోయేదిగా" అన్నారు. ఆయన అడిగాడు గనక చెప్పానన్నాను. "అడిగినవాడు తట్టుకోగలడా అని కూడా చూడాలిగా" అన్నారు మావారు. మావారు పోయి చాలాకాలమైంది. ఆ మాటకు జవాబు ఇంకా దొరకలేదు.

తర్వాతి వారం దర్జీ దుకాణం వెనక పెరట్లో ఒక నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము వెలిసింది, మనిషి కూర్చుంటే మెడదాకా మునిగేంతది. సముద్రం మీదికి పోయేవాళ్ల కోటు ఏది చేతికొచ్చినా, జిప్పు బాగుచేశాక ఆయన దాన్ని తానే తొడుక్కుని, నీళ్లు నింపిన ఆ డ్రమ్ములో కూర్చుని, జిప్పు లాగి కోటు విప్పుకుని చూసేవాడు. విప్పుకోలేకపోతే మళ్లీ మొదటికి. అడుగు డబ్బీని కాస్త వదులు చేసేవాడు, రన్నర్‌కు వలతాడుతో వేళ్లు దూరేంత ఉచ్చు కట్టేవాడు. ఆ తాడు నారింజ రంగుది, దూరానికి కూడా కనిపించేది. ఏ కోటూ అడుగున కుట్టలేదు మళ్లీ. ఎంత తొందరలో ఉన్నవాడు బతిమాలినా కుట్టలేదు.

పడవలవాళ్లు గోడ మీంచి తొంగిచూసి నవ్వేవారు. "చేప దర్జీ" అని పేరు పెట్టారు. "అవు, పట్టుకుంటే అమ్ముకపోండ్రి" అని ఆయన తెలుగులోనే అనేవాడు. మాట హాస్యంగానే ఉండేది. ముఖంలో నవ్వు ఉండేది కాదు.

కొన్నాళ్లకు నన్ను ఐసు అడిగాడు. చలికి వేళ్లు కొంకర్లు పోయినప్పుడు కూడా జిప్పు తెరుచుకుంటుందో లేదో చూడాలట. ఫ్యాక్టరీలో అమ్మకానికి పనికిరాని విరిగిన ముక్కలు రోజూ మిగిలేవి, మావారిని అడిగి పంపించేదాన్ని. ఒకసారి నేనే వెళ్లి చూశాను. పెదవులు నల్లబడి, పళ్ళు కొట్టుకుంటూ డ్రమ్ములో కూర్చుని ఉన్నాడు.

"సముద్రం ఇంత చల్లగా ఉండదయ్యా" అన్నాను.

"లేకుంటే మంచిదే గద మేడం."

నేను ఐసు పంపడం మానలేదు. అది సాయమో, ఆయన చేసుకుంటున్న శిక్షకు నా వంతు సరఫరానో నాకిప్పటికీ తేలలేదు. ఆయన కుట్టిన కోట్లతో తర్వాత ఎవరూ మునిగిపోలేదు కదా అని ఒకటి రెండుసార్లు నచ్చజెప్పబోయాను. "పడనోళ్లు మునుగుతరా మేడం, గాలి తక్కువున్నది గంతే" అని కొట్టిపారేశాడు. నిజమే, దానితో ఏదీ రుజువు కాదు.

తొంభైల చివర్లో మేం తిరిగొచ్చేస్తుంటే మావారి విండ్‌చీటర్ చివరిసారి ఆయనకిచ్చాను. మా ఊళ్లో సముద్రం లేదన్నా వినకుండా దాన్ని కూడా డ్రమ్ములో పరీక్షించి, నారింజ తాడు కట్టి, ఆరబెట్టి ఇచ్చాడు. అప్పుడు అడిగాను, ఇన్నేళ్లుగా గొంతులో ఉన్న మాట. ఆ రోజు నేను మొత్తం చెప్పకుండా ఉండాల్సిందా అని.

ఆయన దారం పళ్ళతో తెంపాడు. "ఇంకొకలైతే చెప్పకపోదురు మేడం. నాకు మీరు దొరికిన్రు" అన్నాడు.

అందులో కృతజ్ఞత ఉందా, నింద ఉందా? ఆయన ముఖం చూస్తే ఏదీ తెలియలేదు. ఆ తర్వాత ఏటా ఆయనే ఫోను చేశాడు గనక నింద కాదని ఒక్కోసారి అనుకుంటాను. ఫోను చేసినప్పుడల్లా జిప్పు ఒక్కటే అడిగాడు గనక, నిందేననీ అనుకుంటాను. ఫోను ఎత్తగానే నేనే ఇంకో మాటకు చోటివ్వకుండా జిప్పు సంగతి చెప్పేసేదాన్ని. అది ఇప్పుడు తెలుస్తోంది.

ఇక కొడుకు అడిగిన ప్రశ్న. ఆయన ఊరికి తిరిగొచ్చాక ఇంటి వెనక అలాంటిదే ఒక డ్రమ్ము పెట్టుకున్నాడట. బండ్ల మీద తిరిగేవాళ్ల కోట్లు, వానకోట్లు బాగుచేసి ఇచ్చేముందు అందులో కూర్చునేవాడట. చెరువులో నీళ్లే నిలవని ఊళ్లో ఈ పనేమిటని అందరూ నవ్వేవారట. భార్య ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదట. "బాపు అట్ల ఎందుకు చేసేటోడు మేడం? మీకు ఎరుకనా?" అదీ ప్రశ్న.

రెండు రోజులు ఆలోచించాను. తండ్రి బిడ్డలకు కూడా చెప్పుకోనిదాన్ని చెప్పడానికి నేనెవరిని? చెప్పకపోతే ఆయన ఆ ఊరికి ఒక వింత మనిషిగా మిగిలిపోతాడు. మూడో రోజు పొద్దున ఫోను చేసి మొత్తం చెప్పాను. కుట్టు సంగతి, నేను లాగి చూసిన సంగతి, పందిరి కింద తమ్ముడు అన్న రెండు మాటలూ. మళ్లీ ఏదీ విడిచిపెట్టలేదు. ఇదివరకు చేసినదాన్నే మళ్లీ చేస్తున్నానని తెలిసే చేశాను. ఒక్కటి మాత్రం మార్చాను. అప్పట్లో తండ్రికి చెప్పేసి నా దారిన నేనుండిపోయాను. ఈసారి, విన్నాక ఏమనిపించినా నాకు ఫోను చెయ్యమన్నాను, ఏ వేళకైనా సరే, కోపం వచ్చినా సరే.

అంతా విని ఆ అబ్బాయి, "డ్రమ్ముల నీళ్లు ఇంక పారబొయ్యలే మేడం. అమ్మ వద్దంటున్నది" అన్నాడు.

ఫోను పెట్టేసి మావారి విండ్‌చీటర్ తీశాను. పొద్దున్నే నడకకు వెళ్లేటప్పుడు వేసుకునేది అదే. తొడుక్కుని జిప్పు మెడదాకా లాగాను. బక్కెట్లో నీళ్లు పట్టి, ఫ్రిజ్‌లో ఉన్న ఐసు ముక్కలన్నీ అందులో పోసి, రెండు చేతులూ ముంచి వేళ్లకు స్పర్శ పోయేదాకా ఉంచాను. తీసి, నారింజ తాడు ఉచ్చు కోసం తడిమాను. మొదటిసారి వేళ్లు జారిపోయాయి. రెండోసారి ఉచ్చులో వేలు దూరింది. లాగాను. కోటు మెడ నుంచి అడుగుదాకా తెరుచుకుని, రెండు వైపులా విడిపోయి వేలాడింది. తడిసిన దాని చేతుల అంచుల నుంచి నీళ్లు నేల మీద చుక్కలు చుక్కలుగా పడుతూ ఉన్నాయి.